సొంత కారు ఖర్చు వ్యాపార లెక్కలో ఎంతవరకు చూపొచ్చు?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది హాలియా. బత్తాయి తోటలు గుత్తకు పట్టి కాయను బాటసింగారం మార్కెట్‌కు పంపుతా. ఖాతా పుస్తకాలు రాసే ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తున్నా. అమ్మకాల్లో ఇంత శాతం లాభమని అంచనాగా చూపే 44ఏడీ పద్ధతిలో అయితే కారు ఖర్చు విడిగా తీయనియ్యరు.

పొద్దున నిడమనూరు, పెద్దవూర తోటలు తిరిగే కారే సాయంత్రం పిల్లల్ని ట్యూషన్‌కు దింపుతది. డీజిల్, ఇన్సూరెన్స్, కారు విలువ తగ్గినందుకు ఏటా తీసే 15 శాతం తరుగుదల, అన్నింట్లో వ్యాపారం వాటానే చూపాలని తెలుసు. ఆ వాటా తేల్చేదెట్ల? డ్యాష్‌బోర్డు మీద నోట్‌బుక్ పెట్టి తేదీ, ఊరు, మీటర్ రీడింగ్ రాస్తున్నా. నోటీసు వస్తే ఇది చాలుతదా, బంకు బిల్లుల మీద బండి నంబరు కూడా ఉండాల్నా?

అసలు గుబులు ఇంకోటి. ఆర్సీ మా నాయన పేరు మీద ఉంది, కిస్తీలు నా ఖాతా నుంచి పోతున్నయి. తరుగుదల నాకు ఒప్పుకుంటరా? ఇట్లాంటి లెక్క ఆడిటర్‌తో చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.