రష్యాపై మన అభిమానం జాతీయ ప్రయోజనమా, జ్ఞాపకమా?

ప్రశ్న (విశాఖపట్నం ఎంవీపీ కాలనీ విద్యార్థిని):

గత ఆదివారం మా నాన్నగారితో బీచ్ రోడ్డులో నడుస్తూ, అక్కడ ప్రదర్శనకు ఉంచిన సోవియట్ తయారీ కురుసుర జలాంతర్గామి దగ్గర ఆగినప్పుడు మొదలైన వాదన ఇంకా తెగలేదు. ఉక్రెయిన్‌పై రష్యా దాడిని ఖండిస్తూ 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన తీర్మానం విషయంలో మన దేశం ఓటింగుకు దూరంగా ఉండటం సరైనదేనని ఆయన అభిప్రాయం. కారణం అడిగితే చమురు గురించి, ఆయుధాల గురించి మాట్లాడరు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతుండగా అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వస్తే మన పక్షాన నిలిచింది ఎవరని ఎదురు అడుగుతారు. ఆపైన, చిన్నప్పుడు విశాలాంధ్ర దుకాణంలో కొనుక్కున్న, మాస్కోలో అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాల కాగితం వాసన దాకా వెళ్లిపోతారు. రాజనీతిశాస్త్రం తరగతిలో మాకు చెప్పేది జాతీయ ప్రయోజనం గురించి. సంస్కృతి, జాతీయ గుర్తింపు విదేశాంగ విధానాన్ని నిజంగా నడిపిస్తాయా, లేక తీసుకున్న నిర్ణయానికి తరువాత కప్పే శాలువాలా?

సమాధానం 1 (నౌకా మరమ్మతుల్లో పనిచేసి రిటైరైన వ్యక్తి):

అమ్మా, శాలువాయే. మన దేశం జలాంతర్గాముల కోసం ముందు పాశ్చాత్య దేశాల వైపే చూసింది. అక్కడ అనుకున్నది దొరకకపోవడంతో 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. అవసరం ముందు వచ్చింది, అభిమానం దాని వెనుక వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పీడనమాపకం మీద రష్యన్ అక్షరాలు ఉంటే, వాటి కింద మా మేస్త్రీ పెన్సిలుతో తెలుగులో అర్థం రాసుకున్నాడు. యంత్రం తెలిసినవాడికి విడిభాగం ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుస్తుంది. విడిభాగం ఇచ్చేవాడిని సభలో నిలబెట్టి తిట్టడం ఏ దేశానికైనా కష్టమే. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: ఆ పెన్సిలు రాత ఇప్పటికీ నా కళ్లముందు ఉంది, టీవీ చర్చల్లో రష్యాను ఎవరైనా దుయ్యబడితే నాకు ఎక్కడో కలుక్కుమంటుంది.

సమాధానం 2 (రాజనీతిశాస్త్ర మాజీ అధ్యాపకుడు):

పై మిత్రుని వాదనకు 1956 అడ్డు వస్తుంది. ఆ ఏడాది సోవియట్ సేనలు హంగరీలోకి ప్రవేశించినప్పుడు మన రక్షణ దళాలు సోవియట్ ఆయుధాలపై ఆధారపడి లేవు. అయినా నవంబరు 4న సర్వప్రతినిధి సభలో మన దేశం తటస్థంగానే ఉంది. అదే రోజుల్లో బ్రిటన్, ఫ్రాన్స్ సూయెజ్ కోసం ఈజిప్టుపై దాడి చేస్తే మాత్రం వెంటనే, గట్టిగా ఖండించాం. వలస పాలన నుంచి బయటపడి తొమ్మిదేళ్లే అయిన దేశానికి ఏ దురాక్రమణ తెలిసిన ముఖంతో కనిపించింది, ఏది పరాయి వ్యవహారంగా తోచింది అన్నది ఆ తేడాలో కనిపిస్తుంది. (హంగరీలో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరపాలన్న తరువాతి తీర్మానాన్ని మనం వ్యతిరేకించడానికి రేపు కాశ్మీరులోనూ అలాంటిదే అడుగుతారన్న భయం ప్రధాన కారణం, అది శుద్ధ ప్రయోజనమే.)

అయితే సంస్కృతి ఒక్కటే మాట చెప్పదు. 1954లో చైనాతో చేసుకున్న ఒప్పందంలోని శాంతియుత సహజీవన సూత్రాలకు బౌద్ధుల నుంచి పంచశీల అనే పేరు తెచ్చుకున్నాం. 1962 యుద్ధం తరువాత అదే పేరును అమాయకత్వానికి గుర్తుగా చూపి, బలం, ఎత్తుగడల రాజనీతి చెప్పిన కౌటిల్యుణ్ణి ముందుకు తెచ్చినవారూ మన సంప్రదాయం నుంచే మాట్లాడారు. 2023 మార్చిలో జీ-20 మౌలిక సదుపాయాల బృందం మన నగరంలో సమావేశమైనప్పుడు ‘వసుధైవ కుటుంబకం’ (లోకమంతా ఒకే కుటుంబం) అనే మాట మారుమోగింది. హితోపదేశంలో ఆ శ్లోకాన్ని చెప్పేది జింకను తినాలని స్నేహం నటించే నక్క. మాట గొప్పదే. ఎవరు, ఎవరితో, ఏ పని కోసం అంటున్నారో చూడటం మన పని. మీ నాన్నగారి జ్ఞాపకాన్ని కూడా నేను అలాగే చూస్తాను: అది ఓటును నిర్ణయించలేదు, కానీ ఆ ఓటును ఇంట్లో ఎవరూ తప్పు పట్టకుండా చేసింది.

సమాధానం 3 (బర్మా క్యాంపు మనవరాలు):

మాస్టారూ, మీరు ‘మనం’ అంటున్నప్పుడు ఆ మాటలోకి ఎవరు వస్తారన్నదే నా సందేహం. 1962లో బర్మాలో సైన్యం అధికారం చేపట్టాక, దుకాణాలు జాతీయం చేశాక, రంగూన్‌లో మూడు తరాలుగా ఉన్న మా తాతగారి కుటుంబం ఒక పెట్టెతో విశాఖపట్నంలో ఓడ దిగింది. ఆ పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో బియ్యానికి వాడుతున్నాం. దాని మూత లోపల బర్మా అక్షరాల్లో వేసిన ఒక లెక్క చెరగకుండా ఉంది.

శ్రీలంక తమిళుల విషయమై 2013 మార్చిలో డీఎంకే కేంద్ర ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది. అక్కడ గుర్తింపుకు పార్టీ ఉంది, సీట్లు ఉన్నాయి, కాబట్టి ఢిల్లీలో వినిపించింది. బర్మా నుంచి వచ్చిన తెలుగువారికి ఉన్నది ఒక కాలనీ పేరు, సాయంత్రం బండి మీద అమ్మే నూడుల్స్. మయన్మార్ (అదే మా బర్మా) సైనిక తిరుగుబాటును ఖండించే తీర్మానం 2021 జూన్ 18న సర్వప్రతినిధి సభకు వచ్చినప్పుడు కూడా మన దేశం ఓటింగుకు దూరంగా ఉంది. సరిహద్దు భద్రత, చైనా ప్రాబల్యం వంటి కారణాలు ఉండవచ్చు, వాటితో నాకు పేచీ లేదు. కానీ ఈ నగరంలో ఆ ఓటు గురించి ఏ బెంచీ మీదా వాదన జరగలేదు.

చెల్లీ, మీ నాన్నగారిని ఒకసారి అడిగి చూడు, ఆ ఓటు ఆయనకు గుర్తుందేమో.