కొత్తగా దోహా వచ్చాను, జీతం పడుతున్నా చేతిలో ఏమీ మిగలట్లేదు

ప్రశ్న (కవిటి, ఫిట్టర్):
వచ్చి నాలుగు నెలలైంది. జీతం పడిన వారానికే అకౌంటు ఖాళీ. తాగుడు లేదు, పేకాట లేదు. మా రూమ్‌లో పదేళ్ల సీనియర్లదీ ఇదే పరిస్థితి. డబ్బు ఎటు పోతున్నట్టు?

జవాబు (సోంపేట, వెల్డర్):
తమ్ముడూ, నేను 2015లో వచ్చాను. ఆరేళ్ల దాకా నా దగ్గరా పైసా లేదు.

ఇప్పటి రూల్ ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సింది మహా అయితే 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. మధ్యలో ఉన్నవాడు నా దగ్గర లక్షన్నర లాగాడు, రసీదు లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాం. నెలకు 4,500, ఏడాదికి 54,000 వడ్డీకే పోయేది. అసలు కదల్లేదు. ఇక్కడ ఖతార్‌లో కనీస మూల వేతనం 1,000 రియాళ్లన్న చట్టం అమల్లోకి వచ్చిందే 2021 మార్చిలో. అలాంటి జీతగాడికి పొదుపు మీద ఎవరైనా క్లాసు పీకితే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంతలో 2018 అక్టోబరులో తిత్లీ తుపాను. తెల్లారేసరికి మా కొబ్బరి, జీడిమామిడి నేలమట్టం. కొబ్బరి మళ్లీ వేస్తే కాపుకు ఏళ్లు పడుతుంది కదా, అప్పటిదాకా ఇల్లు నా జీతం మీదే నడిచింది. దానికి తోడు నాన్న కిడ్నీ మందులు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి నీకు చెప్పాలా!

నా తప్పూ ఉంది. జీతమంతా ఇంటికే పంపేవాణ్ణి. చెల్లి పెళ్లి, అమ్మవారి సంబరం, మావయ్య బోరు, ఏదొచ్చినా నాకే ఫోను. నేనుండేది దోహాలో, మా ఊరికి అదీ దుబాయే!

నువ్వు ముందు ఆ వడ్డీ అప్పు వదిలించుకో. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీర్చెయ్, అక్కడ వడ్డీ రూపాయి లోపే. తర్వాత నీ పేరున ఎన్‌ఆర్‌ఈ అకౌంటు (విదేశాల్లో ఉండేవాళ్లకి మన బ్యాంకులు ఇచ్చేది) తెరువు. జీతం ఇక్కడి నుంచి అందులోకి పంపుకుని, ఇంటికి నెలకింతని లెక్కగా పంపు.

జవాబు (విజయనగరం, డ్రైవర్):
సెలవుల ఖర్చు మర్చిపోయావు అన్నా. మా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి వెళ్లి రెండు నెలలుంటే ఏడాది మిగులు హారతి కర్పూరమే. ఇప్పుడు తొలేళ్ల (సిరిమానుకి ముందురోజు జరిగే పండగ) ముందురోజు దిగి, పదిహేను రోజులకే తిరుగు టికెట్ తీసుకుంటున్నా. మా ఆవిడకి కోపం, అది వేరే సంగతి.

ప్రశ్న అడిగిన తమ్ముడు:
అన్నా, నాది లక్షా ఎనభై వేలు. నాలుగు రూపాయల వడ్డీ.

సోంపేట, వెల్డర్:
నెలకు 7,200! ఈ శుక్రవారం మా రూమ్‌కి రా. ఇంట్లో బంగారం ఎంతుందో అమ్మని అడిగి రా.