కవర్ అంటే ఒకే టేక్‌లో వాయించిందే పెట్టాలా? ముక్కలు అతికిస్తే తప్పేంటి?

బొటనవేలు_బాస్:
ప్రతి ఆదివారం మనం పెట్టుకునే అకౌస్టిక్ కవర్ల గురించి, అంటే వేరేవాళ్ల పాటలు మనం గిటార్‌తో పాడి పెట్టే వీడియోల గురించి ఒక మాట. ఇకనుంచి ఒకే టేక్‌లో వాయించిన వీడియోలే పెడదాం. కట్లు వద్దు, గిటార్ ఒకసారి గొంతు ఒకసారి రికార్డ్ చేసి కలపడం కూడా వద్దు.

ఈమధ్య వస్తున్న కవర్లు వినడానికి బాగానే ఉన్నాయి, నేర్చుకునేవాడికి మాత్రం వాటిలో ఏమీ దొరకట్లేదు. పోయిన వారం ఒకటి చూశా. సి, ఎ మైనర్ కార్డ్‌ల (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టుల) దాకా ఎడమచేయి చక్కగా కనిపించింది. ఎఫ్ రాబోతుండగా కెమెరా ముఖం మీదికి పోయింది. మళ్లీ చేయి కనిపించేసరికి ఎఫ్ పట్టేసి ఉంది! మనలో చాలామంది ఇరుక్కున్నది సరిగ్గా అక్కడే కదా.

రాత్రి_ప్రాక్టీస్:
ఆ వీడియో నాదే. నేరుగా చెప్పొచ్చు, నేనేం అనుకోను :)

మా పిల్లాడు పడుకున్నాక, రాత్రి పదకొండు దాటాక నాకు గిటార్ దొరుకుతుంది. రెండో చరణంలో ఉండగా కింద ఎవరో బండి స్టార్ట్ చేస్తే మళ్లీ పల్లవి నుంచి మొదలుపెట్టాలా? పైగా ఎర్ర బటన్ నొక్కగానే వచ్చే టెన్షన్ ఒకటి. మామూలుగా వచ్చేది కూడా అప్పుడు రాదు. అందుకే చరణానికో టేక్ తీసి కలుపుతా. వాయించింది నేనే కదా, అద్దెకి ఎవరినీ తేలేదుగా.

శ్రుతిపెట్టె:
బాబూ, అతికించడం నేరమేమీ కాదు. గ్లెన్ గౌల్డ్ అంతటి పియానో విద్వాంసుడు 1964లో కచేరీలు పూర్తిగా మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడు. వేర్వేరు టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి టేపు అతికించడం సంగీతకారుడి హక్కని బాహాటంగానే వాదించాడు.

ఒకే టేక్ అనగానే అచ్చమైన సంగీతం అనుకోవడం కూడా సరికాదు. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) పాత గ్రామఫోన్ ప్లేట్ల రోజుల్లో అతికించే వీలు లేదు, ఏకబిగిన పాడాల్సిందే. ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. దానికోసం కృతినే కుదించి పాడేవారు. రికార్డు అన్నాక ఎక్కడో ఒకచోట కత్తెర పడుతుంది.

కాపో_రెండో_ఫ్రెట్:
శ్రుతిపెట్టె గారూ, గౌల్డ్ రికార్డు చేసింది శ్రోతల కోసం. మనం ఇక్కడ పెట్టేది సాటి విద్యార్థుల కోసం. రెండింటికీ పోలికేంటండీ?

ఎఫ్ సంగతే తీసుకోండి. బార్ కార్డ్‌లో చూపుడు వేలు ఆరు తీగల మీదా పడుకుంటుంది. కానీ అది నిజంగా నొక్కాల్సినవి మూడే: లావు ఇ, బి, సన్న ఇ. మిగతా మూడింటినీ వేరే వేళ్లు చూసుకుంటాయి. చాలామందికి బి తీగ మోగకుండా టక్‌మంటుంది. ఎందుకంటే వేలి కణుపు మడత సరిగ్గా ఆ తీగ మీద పడుతుంది, మడతలో గుంత ఉంటుంది కాబట్టి తీగ నొక్కుకోదు. వేలిని పావు అంగుళం పైకో కిందికో జరిపి, మెత్తటి వైపు కాకుండా పక్క ఎముక వైపు కాస్త ఒరిగించి, ఫ్రెట్ కడ్డీకి (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే సన్న కడ్డీకి) దగ్గరగా పెడితే మోగుతుంది. ఇది ఎవరూ చెప్పరు, అందుకే బొటనవేలితో బిగించి బిగించి మణికట్టు నొప్పి తెచ్చుకుంటాం. ఇది చెప్పాలంటే నాకు ఆ టక్ వినపడాలి, చేయి కనపడాలి. రాత్రి_ప్రాక్టీస్ అన్న కట్ చేసి పారేసింది సరిగ్గా ఆ అర సెకనునే.

ఇంకోటి, కుడిచేయి. కార్డ్ మారడం ఆలస్యమైనా స్ట్రమ్మింగ్ (తీగల మీద చేయి కిందికీ పైకీ ఆడించడం) ఆగకూడదు, ఖాళీ తీగల మీదైనా చేయి ఊగుతూనే ఉండాలి. ఆగుతోందో లేదో అతికించిన వీడియోలో ఎలా తెలుస్తుంది?

కొత్త_వేళ్లు:
నేను ఇంతవరకు ఒక్క కవర్ కూడా పెట్టలేదు, చూస్తుంటానంతే. ఈ రూల్ వస్తే ఇక ఎప్పటికీ పెట్టనేమో. నాలాంటివాళ్లకి పల్లవి ఒక్కటే ఒకే టేక్‌లో పెట్టే వీలిస్తారా?

అసలు పెట్టాక వచ్చే కామెంట్లు కూడా చూడండి. "సూపర్ బ్రో", చప్పట్ల బొమ్మ, అయిపోయింది. కాపో అన్న రాసినట్టు ఎవరైనా వేలి సంగతి రాస్తారంటే నా తప్పులు చూపించడానికి నాకు ధైర్యం వస్తుంది. చప్పట్ల కోసమే అయితే ఎవరైనా మంచి ముక్కలే పెడతారు కదా?

బొటనవేలు_బాస్:
చెల్లీ, పల్లవి చాలు. కాకపోతే మన తెలుగు గిటార్ జనానికి పల్లవులు వంద వస్తాయి, చరణం ఒక్కటి రాదు. అందులో నేనూ ఉన్నా.

మిక్సింగ్_మావయ్య:
గొంతు, గిటార్ విడివిడిగా తీయడాన్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. ఒకే ఫోన్ మైక్‌తో రెండూ తీస్తే గిటార్ గొంతుని మింగేస్తుంది. ఫోన్‌ని సౌండ్ హోల్‌కి (గిటార్ మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రానికి) ఎదురుగా పెట్టేవాళ్లే ఎక్కువ, అక్కడ బేస్ బురబురలాడుతుంది. పన్నెండో ఫ్రెట్ వైపు చూపిస్తూ ఓ అడుగు దూరంలో, కాస్త ఎత్తులో పెట్టి చూడండి. ఫోన్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. తీగ మోగి నెమ్మదిగా తగ్గే శబ్దాన్ని అది రొద అనుకుని కోసేస్తుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో గిటార్ ట్రాక్ వింటూ పాడకండి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది, మీరు తాళంలోనే పాడినా కలిపాక వెనకబడి వినిపిస్తుంది. వైరున్నవి వాడండి. ఇంత కష్టపడి కలిపేవాణ్ణి మోసగాడంటే ఊరుకోను.

కాపో_రెండో_ఫ్రెట్:
మోసగాడని ఎవరన్నారు మావయ్యా? వాయిస్తూ పాడటం వేరే విద్య. పాట కలవగానే స్ట్రమ్మింగ్ తప్పేవాళ్లెందరో. విడివిడిగా తీసి కలిపితే ఆ తడబాటు బయటపడదు, అంతే నా బాధ.

కొత్త_వేళ్లు:
మధ్యలో ఒక డౌట్. సినిమా పాట వాయిస్తే యూట్యూబ్‌లో కాపీరైట్ రాదా?

మిక్సింగ్_మావయ్య:
వస్తే చాలాసార్లు క్లెయిమ్ వస్తుందమ్మా. అంటే వీడియో ఉంటుంది, యాడ్ డబ్బులు వస్తే హక్కుదారుకి పోతాయి. కొన్నిసార్లు బ్లాక్ కూడా చేస్తారు. ఛానెల్‌కి దెబ్బ తగిలేది స్ట్రైక్ (యూట్యూబ్ ఛానెల్ మీద వేసే హెచ్చరిక) వస్తే. అది వేరు. దీని మీద ఇంకో థ్రెడ్ తెరువు, ఇక్కడ కలిపేస్తే రెండూ చెడతాయి.

శ్రుతిపెట్టె:
రూల్ అక్కర్లేదు. వీడియో పైన ఒక లైన్ రాస్తే చాలు కదా: ఒకే టేకా, అతికించిందా, గొంతు విడిగా తీశారా అని. వినేవాడికి దేని గురించి చెప్పాలో తెలుస్తుంది.

బొటనవేలు_బాస్:
లైన్ రాయడానికి ఒప్పుకుంటా. కానీ అతికించిన దాని కింద "నా టైమింగ్ ఎలా ఉంది" అని అడిగితే మాత్రం నేను జవాబివ్వను. కట్ చేసినవాడి టైమింగ్ కత్తెరకి తెలియాలి.

రాత్రి_ప్రాక్టీస్:
సరే బాస్, నేను టైమింగ్ అడగను. ఈ ఆదివారం కూడా అతికించిందే పెడతా, పైన అలాగే రాస్తా. దాని కిందే సి నుంచి ఎఫ్‌కి మారేది ఒక్కటి, అర నిమిషం, కట్ లేకుండా, చేయి మీదే కెమెరా పెట్టి తీసి పెడతా. కాపో తమ్ముడూ, ఆ బి తీగ సంగతి చూసి చెప్పు. మధ్యలో కింద బండి చప్పుడు వస్తే నన్నేం అనొద్దు.