దేవుడు క్షమించాడు సరే, పక్క చేను బాబాయికి కూడా చెప్పాలా?

కాలవగట్టు:
అందరికీ వందనాలండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మూడేళ్ల కిందట దాళ్వాలో (రెండో పంట వరి) నీళ్లకి వంతులు పెట్టినప్పుడు, మా వంతు కాని రాత్రి వెళ్లి బోదెకి (చేలకి నీళ్లొచ్చే పిల్ల కాలవకి) అడ్డం వేసి నీళ్లు మా చేలోకి తిప్పేశాను. ఒక్కసారి కాదు, నాలుగు రాత్రులు. శివార్న ఒక బాబాయిగారి ఎకరంన్నర (చుట్టం కాదు, వరసకి అలా పిలుస్తాను) పొట్ట మీద ఎండిపోయి సగానికి సగం తాలు పోయింది. ఆయన ఇప్పటికీ నీళ్లు వదిలేవాళ్లనే తిడుతుంటాడు, నేను పక్కనే కూర్చుని ఊఁ కొడుతుంటాను. ప్రార్థనలో ఒప్పుకున్నాను, ఏడ్చాను కూడా. అయినా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోవాలంటే చెయ్యి రావట్లేదు. ఆయన మన సంఘం కూడా కాదు. చెప్పాలా?

సీయోను:
టెన్షన్ పడకండి బ్రదర్. పడమటికి తూర్పు ఎంత దూరమో అంత దూరం మన పాపాలు తీసేశాడని 103వ కీర్తనలో ఉంది. దావీదు కూడా 51వ కీర్తనలో నీకే విరోధంగా పాపం చేశానన్నాడు కదా.

పాత బైబిలు:
దావీదు ఎవరి భార్యని తీసుకుని చంపించాడో ఆ ఊరియా, ఆయన ఆ మాట అనే సరికే చచ్చిపోయాడండి, వెళ్లి చెప్పుకుందామన్నా మనిషి లేడు. మీ బాబాయిగారు బతికే ఉన్నారు. సంఖ్యాకాండం 5లో, ఒప్పుకున్నవాడు పోయినదంతా ఇచ్చి పైన అయిదో వంతు కలపాలని ఉంది. సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, కానీ ఒకటి గమనించండి, యేసు నీ ఇంటికొస్తానన్నాకే అన్నాడు. కనికరం ముందొచ్చింది, లెక్క తర్వాత తేలింది. కాబట్టి మీరిచ్చేది క్షమాపణకి ఖరీదు కాదు, బాకీ.

నరసాపురం అక్క:
వెళ్లేటప్పుడు పాస్టరుగారిని వెంటబెట్టుకెళ్లకు తమ్ముడూ. వాక్యం చెప్పకు. దేవుడు నన్ను క్షమించాడు, మీరూ క్షమించండి అని మాత్రం అస్సలు అనకు, మా ఇంట్లో ఒకాయన చీటీ డబ్బు విషయంలో సరిగ్గా అదే అని తలుపు వేయించుకున్నాడు. చేసింది చెప్పు, డబ్బు అక్కడ పెట్టు. తిడితే పడు.

కాలవగట్టు:
ముప్పై బస్తాలు పోయి ఉంటాయండి. అయిదో వంతు కలిపితే ముప్పై ఆరు. ఆదివారం దాకా ఆగను, ఈ సాయంత్రమే వెళ్తాను, ఆయన బోదె దగ్గర ఒక్కడే ఉండేది అప్పుడే.