డబ్బు చీట్ కొట్టి ఇల్లు కడితే అది ఆడినట్టు కాదా?

నిడదవోలు సుధ:
సిమ్స్ 4 అనే కంప్యూటర్ ఆటలో మా నిడదవోలు పెంకుటిల్లు కట్టాను. మండువా, అరుగులు, పెరట్లో నుయ్యి అన్నీ పెట్టాను. ఆట మొదట్లో ఇచ్చే 20,000తో ఆ మండువా స్తంభాలు కూడా లేవవు. అందుకే మదర్‌లోడ్ అనే చీట్ కోడ్ వాడాను, కొట్టినప్పుడల్లా ఆటలో 50,000 వస్తుంది. నిన్న మన గ్రూపులో ఫోటోలు పెడితే మధు గారు "చీట్ కదా, ఇందులో గొప్పేముంది" అన్నారు. ఒక్కదాన్నే ఆడుకునే ఆటలో నేను మోసం చేసింది ఎవరిని?

మారతహళ్లి మధు:
మోసం అనలేదండి. ఆడినట్టు కాదన్నాను. ఊరు కట్టే ఆట సిటీస్ స్కైలైన్స్‌లో అన్‌లిమిటెడ్ మనీ ఆన్ చేస్తే అచీవ్‌మెంట్లు, అంటే ఏదైనా సాధిస్తే ఆట ఇచ్చే గుర్తింపులు, ఆగిపోతాయి. దిమ్మలు పేర్చి కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆట బెడ్‌రాక్ వెర్షన్‌లో చీట్స్ ఆన్ చేసినా అంతే. ఆట తయారుచేసినవాళ్లే దాన్ని లెక్కలోకి తీసుకోవట్లేదు.

చీరాల చిన్నోడు:
ఆ అన్‌లిమిటెడ్ మనీని ఆటతో పాటే ఇచ్చింది కూడా వాళ్లే కదన్నా.

మారతహళ్లి మధు:
ఇచ్చారు. మరి అచీవ్‌మెంట్లు ఎందుకు ఆపారు? అది చెప్పు ముందు.

హోరమావు వంశీ:
కొనామి కంపెనీ ఆటల్లో బటన్లు ఓ వరుసలో నొక్కితే పనిచేసే చీట్ ఉంది కదా, ఆ కొనామి కోడ్ ఎలా పుట్టిందో తెలుసుగా? 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంట్లో ఆడే మెషీన్‌కి మార్చిన హషిమోటో, పరీక్షించేటప్పుడు ఆట తనకే మరీ కష్టంగా ఉందని ఆ కోడ్ పెట్టుకున్నాడు. చేసినవాడికే లేని పట్టింపు మనకెందుకు?
నా సంగతి చెప్తా. ఆఫీసు నుంచి ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరి, పాపను పడుకోబెట్టాక మిగిలేది కాస్త టైమ్. ఆ టైమంతా మైన్‌క్రాఫ్ట్‌లో రాళ్లు తవ్వుతూ కూర్చుంటే గుడి గోపురం ఎప్పుడు కట్టేది? తవ్వకుండానే రాళ్లన్నీ దొరికే క్రియేటివ్ మోడ్‌లోనే కడతాను, ఎవరేమనుకున్నా సరే.

మారతహళ్లి మధు:
నాకూ అదే ట్రాఫిక్ వంశీ, నాకూ ఇద్దరు పిల్లలు. అయినా స్కైలైన్స్‌లో అప్పు తీసుకుని, తీర్చి, డబ్బు చాలక వంతెన కుదించి, మురుగునీరు తాగునీటి పంపుల్లోకి వస్తే మళ్లీ పైపులు మార్చి కట్టాను. చాలనప్పుడే బుర్ర పనిచేస్తుంది. డబ్బు కొరతే లేకపోతే ఇక ఆలోచించేది దేని గురించి?

నిడదవోలు సుధ:
దూలం ఎక్కడ ఆనాలి, వాలు ఎంత ఉండాలి, ఏ గదిలోకి వెలుతురు ఎటునుంచి రావాలి, ఇవన్నీ ఆలోచన కాదా? మీరు డబ్బు లెక్క ఒక్కటే ఆలోచన అనుకుంటున్నారు.

మారతహళ్లి మధు:
అచీవ్‌మెంట్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

నిడదవోలు సుధ:
మీ అచీవ్‌మెంట్లు మీ దగ్గరే పెట్టుకోండి! ఆ ఇల్లు మా నాన్నగారు పోయాక అమ్మేశారు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ ఉంది. దాన్ని మళ్లీ కళ్లతో చూసుకోవడానికి నేను ఆటలోని నా సిమ్ మనిషిని రోజూ ఉద్యోగానికి పంపి జీతం కూడబెట్టాలా?

చీరాల చిన్నోడు:
అక్కా...

మారతహళ్లి మధు:
ఇంటి సంగతి తెలియదు, బాధగా ఉంది. కానీ నా మాట కూడా వినండి. నెలల తరబడి కట్టిన నా ఊరి ఫోటో పెడితే ఒక్కరూ పలకలేదు. మీ ఇంటిని మర్నాడే గ్రూపులో అందరికీ కనబడేలా పైన పిన్ చేశారు. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏది ఎలా కట్టారో చూసేవాళ్లకి తెలియాలి. నేను మొదటి నుంచీ అడగాలనుకున్నది ఇదే.

అడ్మిన్ రమణ:
ఇకమీదట ఫోటో కింద "చీట్స్‌తో", "చీట్స్ లేకుండా" అని రాద్దాం. మధు గారి ఊరిని కూడా పిన్ చేస్తున్నాను.

నిడదవోలు సుధ:
రాస్తాను, దాచడానికి ఏముంది. అయితే "చీట్స్‌తో" అన్న కట్టడాలను వేరే వరుసలో కింద పెడితే మాత్రం ఒప్పుకోను.

మారతహళ్లి మధు:
వేరే వరుసే ఉండాలి.

చీరాల చిన్నోడు:
సుధక్కా, మండువా చుట్టూ కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలేలా ఎలా పెట్టావు? నాకు మూలల్లో కుదరట్లేదు.