పాత ఔట్‌బోర్డు మోటారు సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది: లోపం సెల్ఫ్‌లోనా, తీగల్లోనా?

మైపాడు_ఫైబర్‌బోటు:
నా బోటు వెనక తగిలించిన 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు పాతది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి 61 రోజులు ఒడ్డునే ఉంది. ఇప్పుడు తాళం తిప్పితే సెల్ఫ్ మూలుగుతూ రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది, తాడు లాగితే మాత్రం ఇంజను వెంటనే అందుకుంటోంది. బ్యాటరీ కొత్తదే, ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపుతోంది. ముందు ఏది చూడాలి?

పాత_మెకానిక్కు:
సెల్ఫ్ మార్చండి. ఉప్పు గాలిలో రెండు నెలలు కదలకుండా ఉంటే లోపలికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు బిగుసుకుంటాయి, అవి రాసుకునే రాగి కమ్యుటేటరు నల్లబడుతుంది, ఇరుసును పట్టే బుష్షులు అరిగి ఉంటే తిరిగే ఆర్మేచరు అయస్కాంతాలకు రాసుకుంటుంది.

కొత్తపట్నం_కెరటం:
కొలవకుండా మార్చమనడం న్యాయం కాదు. మైపాడు గారూ, బోటులో పెట్రోలు వాసన లేదని చూసుకొని, ప్లగ్గు తీగలు తీసి ఎర్త్‌కు కలిపి, ఒకరు తాళం తిప్పుతుండగా మీరు మల్టీమీటరు పట్టుకోండి. బ్యాటరీ ప్లస్సు నుంచి సెల్ఫ్ బోల్టు వరకు అర వోల్టుకు మించి, మైనస్సు నుంచి సెల్ఫ్ ఒంటి వరకు, అంటే ఎర్త్ వైపు, 0.3కు మించి చూపిస్తే ఆ దారిలోనే వోల్టేజీ పోతున్నట్టు. ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పకుండా, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి.

రెండేళ్ల కిందట నేను ఒక షాపులో డబ్బు పోసి సెల్ఫ్ రీవైండింగ్ చేయించి తెస్తే మళ్లీ అదే మూలుగు. చివరకు ఎర్త్ తీగను లగ్గు (బోల్టుకు బిగించే చివరి ముక్క) దగ్గర కోశాను. పైన రబ్బరు నిగనిగలాడుతూనే ఉంది, లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోయాయి.

ఇసకపల్లి_రేవు:
తాడుకు అందుకుంటున్నప్పుడు తాడుతోనే పోవచ్చు కదా.

పాత_మెకానిక్కు:
ఎవరో షాపువాడు సరిగా చేయలేదని మమ్మల్నందరినీ దొంగల కింద జమకడితే ఎలా? మోటారుకు సన్నని కారు తీగ బిగించుకొని వచ్చి, పని చెడగొట్టావని నాతో పోట్లాడినవారు ఎంతమందో ఉన్నారు. మీ 0.3 లెక్క ఒడ్డు మీద చల్లని ఇంజనుకు చెల్లుతుంది.

కొత్తపట్నం_కెరటం:
లెక్క తప్పయితే తప్పని చూపండి. కోపంతో చిలుము వదలదు.

పాత_మెకానిక్కు:
చూపమన్నారు కాబట్టి చెబుతున్నాను. ఒకాయన బోటుకు నేను తీగలు శుభ్రం చేసి, సెల్ఫ్ బాగా తిరుగుతోందని పంపాను. పెన్నా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇంజను ఆగింది, వేడి మీద సెల్ఫ్ అందుకోలేదు, తాడు అందుకొనే లోపే బోటు కెరటానికి అడ్డం తిరిగింది. మనుషులు దక్కారు, వలలు పోయాయి. ఆ రోజు నుంచి అనుమానమున్న సెల్ఫ్‌ను నేను తిరిగి బిగించడం లేదు.

కొత్తపట్నం_కెరటం:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ భయం నిజమే, కానీ దానికి డబ్బు కట్టేది రెండు నెలలు సంపాదన లేక అప్పుతో నిషేధం దాటిన మనిషి. పైగా ఎర్త్ తీగలో చిలుము ఉంటే కొత్త సెల్ఫ్ కూడా అదే మొగ దగ్గర మూలుగుతుంది.

మైపాడు_ఫైబర్‌బోటు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కొలిచాను. తిప్పేటప్పుడు బ్యాటరీ దగ్గర 11.1, సెల్ఫ్ దగ్గర 8.9 మాత్రమే ఉంది. ప్లస్సు వైపు 0.3 పోతే, ఎర్త్ వైపు 1.9 పోతోంది. తగరం పూత ఉన్న మందపాటి రాగి తీగ కొత్తది వేసి, ఇంజను దిమ్మె మీద లగ్గు కూర్చునే చోట రంగు గీకి బిగించాక ఎర్త్ వైపు 0.2కు దిగింది, సెల్ఫ్ గిర్రున తిరిగింది. అయితే గంటసేపు నడిపి ఆపి మళ్లీ తిప్పితే కొంచెం మందగిస్తోంది.

పాత_మెకానిక్కు:
నేను చెప్పిన వేడి అదే. బ్యాటరీ మైనస్సు ముందు విప్పి, సెల్ఫ్ దించి బ్రష్షులు చూడండి, ఒకటి పొట్టిగా అరిగినా రెండూ మార్చండి. సెల్ఫ్ పళ్లచక్రాన్ని పైకి లేపే బెండిక్స్‌కు గ్రీజు దట్టంగా పూయకండి, ఇసుక పట్టి పళ్లచక్రం పైకి లేవదు.

కొత్తపట్నం_కెరటం:
బ్రష్షులు మార్చడం నాకూ సమ్మతమే, మొత్తం సెల్ఫ్ అక్కర లేదు.

పాత_మెకానిక్కు:
నా బోటయితే మారుస్తాను. మీరు మార్చకపోతే తాడును పెట్టెలో దాచకుండా చేతికి అందేలా మోటారు పక్కనే కట్టి ఉంచండి.