1971లో మనల్ని ఆదుకున్న రష్యాను తప్పు పట్టవచ్చా?

ఉక్కునగరం
ఆదివారం పొద్దున ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎదురుగా మా నడక బృందం కూర్చుని ఉంది. మాటల్లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. మాలో ఒకాయన అల్లుడు, పాతికేళ్ళ కుర్రవాడు, "రష్యా దురాక్రమణదారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అతని వెనకాల ఉన్న ఆ ఇనుప చేప సోవియట్ దేశం నుంచి వచ్చిందని అతనికి తెలియదు. ఇంటికి వచ్చినా మనసు కుదుటపడక ఈ చర్చా వేదికలో రాస్తున్నాను.

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తుండగా అమెరికా ఏడో నౌకాదళం బంగాళాఖాతంలోకి వస్తుంటే మన పక్కన నిలిచింది ఎవరు? ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో వీటో చేసి కాల్పుల విరమణ తీర్మానాలను ఆపింది ఎవరు? విశాఖ ఉక్కు ఎవరి సాయంతో వచ్చింది? హైదరాబాద్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ ఎవరి సాయంతో వచ్చింది? మరి ఉక్రెయిన్ మనకు ఏం చేసింది? పాకిస్తాన్‌కు 320 ట్యాంకులు అమ్మింది. 1998లో మనం పోఖ్రాన్‌లో అణు పరీక్షలు చేస్తే భద్రతా మండలిలో మనకు వ్యతిరేకంగా ఓటు వేసింది. పైగా 2008లో బుకారెస్ట్‌లో అమెరికా సైనిక కూటమి నాటో దేశాలు కూర్చుని, ఉక్రెయిన్ తమలో చేరుతుందని ప్రకటించాయి. గుమ్మం ముందు శత్రువు మంచం వేసుకుంటే ఏ ఇంటాయన ఊరుకుంటాడు?

లెక్కల టీచరు
మంచం సంగతి తరవాత. ముందు ఓటు సంగతి చూద్దాం. మీరు చెబుతున్నది 1998 జూన్ 6 నాటి 1172వ తీర్మానం. ఆ సంవత్సరం ఉక్రెయిన్ భద్రతా మండలిలో సభ్యదేశం కాదు. లేని చోట ఓటు ఎలా వేస్తుంది? ఇంకో మాట. ఆ తీర్మానం ఏకగ్రీవం. అంటే మనల్ని ఖండిస్తూ చేయి ఎత్తినవాళ్ళలో రష్యా ఉంది.

ట్యాంకుల మాట నిజమే. 1996 ఒప్పందం, ఉక్రెయిన్‌లోని ఖర్కీవ్ నగరంలో తయారైన టి-80 రకం. అందుకని ఆ ఖర్కీవ్ మీద క్షిపణులు వేస్తే మనం చప్పట్లు కొట్టాలా?

రాత్రి డ్యూటీ
కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. కానివ్వండి.

ఉక్కునగరం
అమ్మా, ఓటు వేయలేదు సరే, ఆనాడు ఉక్రెయిన్ మనల్ని మెచ్చుకుందా? తప్పుపట్టిన దేశాల్లో అదీ ఒకటి. నేను చెప్పిన పది మాటల్లో ఒకటి పట్టుకుని లాగకండి. 1971 గురించి మాట్లాడండి.

లెక్కల టీచరు
పది మాటల్లో ఒకటి తప్పయితే మిగిలిన తొమ్మిదీ ఒకసారి సరిచూడాలి. మా పిల్లలకు అలాగే చెబుతాను. 1998 ఓటు మాట వెనక్కి తీసుకుంటారా, లేదా?

1971 గురించే అంటారా, సరే. ఆనాడు మనకు అండగా నిలిచింది సోవియట్ యూనియన్. అందులో ఉక్రెయిన్ ఒక భాగం. అప్పటి నాయకుడు బ్రెజ్నెవ్ పుట్టింది ఉక్రెయిన్‌లోని కామియాన్స్కేలో. మన వైమానిక దళం సియాచిన్‌కూ లడఖ్‌కూ సరుకు మోయించే ఏఎన్-32 విమానాలు కీవ్‌లో తయారైనవి. ఆ రుణపత్రం మీద రష్యా పేరు ఒక్కటే రాసింది ఎవరు?

హనుమకొండ నాన్న
నేను ఎప్పుడూ రాయను, చదువుతాను అంతే. ఇది చూసి ఆగలేకపోయాను.

మా అమ్మాయి ఖర్కీవ్‌లో వైద్య విద్య నాలుగో సంవత్సరం. 2022 ఫిబ్రవరి 24 నుంచి మెట్రో స్టేషన్‌లో నేల మీద పడుకుంది. మార్చి 1న తిండి కోసం వరుసలో నిలబడిన కర్ణాటక విద్యార్థి ఒకరు చనిపోయారు. మరునాడు మన ఎంబసీ నుంచి సందేశం వచ్చింది. ఖర్కీవ్ వెంటనే వదలండి, వాహనం దొరకకపోతే నడిచి వెళ్ళండి, సాయంత్రం ఆరు లోపల దగ్గరలోని పిసోచిన్ చేరండి అని. అంతకు ముందు రైలు ఎక్కబోతే అక్కడి వాళ్ళు మా పిల్లల్ని తోసేశారు. తమ వాళ్ళే ముందు అన్నారు. మా అమ్మాయి మంచులో పదకొండు కిలోమీటర్లు నడిచింది. చేతిలో ఒక బిస్కెట్ పొట్లం, ఫోనులో తొమ్మిది శాతం చార్జింగు. నాకు ఫోను చేసి "నాన్నా, ఇక మాట్లాడను, చార్జింగు అయిపోతుంది" అంది. తరవాత పదహారు గంటలు ఏ కబురూ లేదు.

ఆ పదహారు గంటలు నేను మరచిపోను. నాకు ఉక్రెయిన్ మీద జాలి లేదు. ఎవరేమనుకున్నా సరే.

లెక్కల టీచరు
మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ పదకొండు కిలోమీటర్లు నడిచే అవసరం ఎవరి వల్ల వచ్చింది? రైలు నుంచి తోసినవారి తప్పు వారిదే. ఊరి మీద బాంబులు వేస్తున్నది మాత్రం వారు కారు.

హనుమకొండ నాన్న
మీకు అక్కడ పిల్లలు లేరు. అందుకే ఇంత తీరికగా లెక్క వేస్తున్నారు.

చెరువు గట్టు
మా భీమవరం రొయ్యకు ఈ రెండు దేశాలూ పటంలో ఎక్కడున్నాయో తెలియదు. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. ముందున్న 25తో కలిపి 50. ఆ వారం వంద కౌంటు (కిలోకు వంద తూగే రొయ్య) కొనడానికి చెరువు గట్టు మీదికి వచ్చిన వ్యాపారి లేడు. రొయ్యను చెరువులో ఉంచితే మేత ఖర్చు, పడితే నష్టం. రుణం తీర్చుకోవడం గురించి మాట్లాడే పెద్దలు మా బ్యాంకు రుణం కూడా కొంచెం చూడండి.

రాత్రి డ్యూటీ
చమురు చవకగా వచ్చిందట. పెట్రోలు బంకులో మాత్రం నాకు ఆ చవక ఎదురుపడలేదు.

ఉక్కునగరం
యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపు. తరవాత మూడో వంతు దాటింది. కష్టకాలంలో అంత చమురు ఇచ్చినవాణ్ణి నిందించడం మన సంస్కారమా?

లెక్కల టీచరు
ఇవ్వలేదు. అమ్మింది.

ఉక్కునగరం
మాటకు మాట అతికించడం తేలిక. ఇప్పుడు వినండి. 2014లో కీవ్‌లో ఎన్నికైన అధ్యక్షుడు యానుకోవిచ్‌ను వీధి ఆందోళనలతో సాగనంపారు. వెంటనే రష్యన్ భాషకు ప్రాంతీయ హోదా ఇచ్చిన చట్టాన్ని రద్దు చేయడానికి పార్లమెంటులో ఓటు వేశారు. 2019లో ఉక్రేనియన్‌ను తప్పనిసరి చేస్తూ కొత్త చట్టం తెచ్చారు. తూర్పున ఉన్న దొనెత్స్క్‌లో, లుహాన్స్క్‌లో రష్యన్ మాట్లాడే మనిషి ఏమైపోవాలి? అక్కడ పోరు ఆపడానికి మిన్స్క్ ఒప్పందాలు రెండుసార్లు రాసుకున్నారు, అమలు చేయలేదు. ఇవన్నీ లెక్కలో వేయరా మాస్టారమ్మా?

లెక్కల టీచరు
వేస్తాను. ఆ రద్దు ఓటు మీద అప్పటి తాత్కాలిక అధ్యక్షుడు సంతకం చేయలేదు, చట్టం అప్పటికి అలాగే నిలిచింది. 2019 చట్టం మీద అక్కడి వాళ్ళలోనే అభ్యంతరాలు ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయితే ఆ దేశానికి 2019లో అధ్యక్షుడైన జెలెన్‌స్కీ రష్యన్ మాట్లాడే ఇంట్లో పెరిగినవాడు. ఖర్కీవ్ రష్యన్ ఎక్కువగా వినబడే నగరం. రష్యన్ మాట్లాడేవారిని కాపాడడానికి వచ్చిన సైన్యం మొదట వాళ్ళ నగరం మీదే ఫిరంగులు ఎక్కుపెట్టింది.

ఇక మనుషులు ఏం కోరుకున్నారో వాళ్ళనే అడిగిన రోజు ఒకటుంది. 1991 డిసెంబరు 1. స్వాతంత్ర్యం కావాలా అని ఓటు పెడితే దేశం మొత్తం మీద 90 శాతం పైగా కావాలన్నారు. మీరు చెప్పిన దొనెత్స్క్‌లో, లుహాన్స్క్‌లో 80 శాతం దాటింది. క్రిమియాలో కూడా 54. తరవాత 1994లో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ తన గడ్డ మీది అణ్వాయుధాలు అప్పగించడానికి ఒప్పుకుంది. బదులుగా దాని సరిహద్దులను గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్, రష్యా సంతకాలు చేశాయి. ఇరవై ఏళ్ళకు క్రిమియాను రష్యా లాగేసుకుంది.

నాటో గుమ్మం ముందుకు రావడమే కారణమైతే, 2023లో ఫిన్లాండ్ నాటోలో చేరింది. రష్యాతో దాని సరిహద్దు 1,300 కిలోమీటర్లు. అక్కడ ఎవరూ మంచం ఎత్తేయలేదే?

నిజాంపేట
1991 ఓటు అంటే నాకు మన 2014 గుర్తొస్తోంది. ఒకే భాష, ఒకే పండగలు, విడిపోతే ఎలా అన్నవాళ్ళు ఇక్కడ తక్కువా?

ఉక్కునగరం
ఈ పోలిక ఎక్కడి నుంచి తెచ్చారు? రాష్ట్రం వేరు, దేశం వేరు. ఇలాంటి మాటల వల్లే…

నిర్వాహకుడు
దీని కింద వచ్చిన పదకొండు వ్యాఖ్యలు తొలగించాను. రాష్ట్ర విభజన చర్చకు వేరే విభాగం ఉంది. అక్కడ కూడా చెప్పుకోవడానికి కొత్తగా ఏమీ మిగలలేదు.

లెక్కల టీచరు
పోలిక నేను తేలేదు. కానీ ఉక్కునగరం గారికి కోపం ఎందుకు వచ్చిందో ఆలోచిస్తున్నాను. 2021 జూలైలో, యుద్ధానికి ఏడు నెలల ముందు, పుతిన్ ఒక పెద్ద వ్యాసం రాశారు. రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే ప్రజ అన్నది దాని సారాంశం. ఒకే ప్రజ అయితే వేరే ఇల్లు ఎందుకు అన్నది అందులోంచి వచ్చే ప్రశ్న. మీ వాదన అంతా అదే. నాటో, ట్యాంకులు, ఓటు, ఇవన్నీ పైపూత. మీరు అభిమానిస్తున్న దేశం ఇప్పుడు లేదు, మాస్టారూ. 1991లోనే పోయింది.

ఉక్కునగరం
రెండు రోజులు ఇటు రాలేదు. కోపంతోనే రాలేదు.

1987 చలికాలం. నాకు ముప్ఫై ఒకటి. ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ఇంకా కడుతున్నారు, తరవాత దానికి గోదావరి అని పేరు పెట్టాం. దాన్ని నడపడం నేర్చుకురమ్మని మమ్మల్ని సోవియట్ దేశం పంపారు. ఆరు నెలలు. విశాఖ చెమట తప్ప వేరే వాతావరణం ఎరగని మనిషిని నేను. మొదటి వారం చెవులు మొద్దుబారి పోయి పని చోట ఎవరు పిలిచినా పలికేవాణ్ణి కాదు.

మా వసతి గృహం వంటశాలలో ఒక పెద్దావిడ ఉండేది. నేను మాంసం తిననని తెలిసి బీట్‌రూట్ చారు నాకు విడిగా కాచేది. కొంచెం పుల్లగా, మన చారుకు దూరపు చుట్టంలా ఉండేది. బూట్లలో పాత దినపత్రిక మడిచి పెట్టుకుంటే కాలికి చలి పట్టదని చూపించింది. సినోక్ అని పిలిచేది. మన "నాన్నా" లాంటి పిలుపు. పని చోట రష్యన్ మాట్లాడేది. ఆవిడ చెల్లెలు వస్తే మాత్రం ఇద్దరూ కూర్చుని వేరేగా మాట్లాడుకునేవారు. పల్లెటూరి రష్యన్ కాబోలు అనుకున్నాను. అది ఉక్రేనియన్ అని 2014లో టీవీలో ఎవరో మాట్లాడుతుంటే విని గాని తెలుసుకోలేదు. ఇరవై ఏడేళ్ళు పట్టింది నాకు.

ఆ ఊరు క్రివోయ్ రోగ్. ఇప్పుడు క్రివీ రీహ్ అంటున్నారు. మీ జెలెన్‌స్కీ పుట్టిన ఊరే. 2025 ఏప్రిల్‌లో అక్కడ పిల్లలు ఆడుకునే చోటు పక్కన క్షిపణి పడింది. చనిపోయినవారిలో తొమ్మిది మంది పిల్లలు. ఆ సాయంత్రం టీవీ కట్టేసి మేడ మీదికి వెళ్ళిపోయాను. ఇంట్లో ఎవరికీ ఎందుకో చెప్పలేదు.

అప్పట్లో మేమంతా ఆ దేశం మొత్తాన్ని రష్యా అనే అనేవాళ్ళం. ఒకే ఇంటికి బాకీ పడ్డాను అనుకున్నాను. అన్నదమ్ములు విడిపోయి, ఒకడు రెండోవాడి ఇల్లు తగలబెడుతుంటే ఆ బాకీ ఎవరికి కట్టాలి? మీ దగ్గర దీనికి లెక్క ఉంటే చెప్పండి. నాటో నిప్పు రాజేసిందన్న మాట మీద మాత్రం నేను ఇప్పటికీ ఉన్నాను.

హనుమకొండ నాన్న
అయ్యా, మా అమ్మాయిని పిసోచిన్‌లో ఒక రాత్రి ఒకావిడ తన ఇంట్లో పడుకోనిచ్చింది. ఇందాక అది రాయలేదు.

లెక్కల టీచరు
నా దగ్గర లెక్క లేదు.

నేనూ ఒకటి దాచాను. పదో తరగతిలో నా దగ్గర చదివిన కుర్రవాడు ఒకడు ఉన్నాడు. త్రికోణమితి ఎప్పుడూ రాలేదు గాని మంచివాడు. 2023 చివర్లో ఒక ఏజెంటు రష్యాలో సహాయకుడి ఉద్యోగం అని తీసుకువెళ్ళాడు. అక్కడ చేతికి తుపాకీ ఇచ్చి కందకంలోకి పంపారు. ఇలాంటి ఏజెంట్ల మీద 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. మా వాడి ఫోను అంతకు నెల ముందే ఆగిపోయింది. వాళ్ళమ్మ ఇప్పటికీ నెలకోసారి మా ఇంటికి వచ్చి, రష్యన్‌లో వచ్చిన ఒక కాగితం నా చేతిలో పెట్టి "టీచరుగారూ, ఇందులో ఏముందో చదవండి" అంటుంది. నాకు రష్యన్ రాదు. ఫోనులో అనువాదం పెట్టి ప్రతిసారీ అదే చదివి వినిపిస్తాను.

ఉక్కునగరం
ఇది మొదటే చెప్పి ఉంటే నేను అలా మాట్లాడేవాణ్ణి కాదమ్మా.

లెక్కల టీచరు
చెబితే 1998 ఓటు మారుతుందా?

ఉక్కునగరం
నిర్వాహకుడు గారూ, నా మొదటి వ్యాఖ్యలో 1998 ఓటు గురించి రాసిన వాక్యం తీసేయడానికి వీలుందా?

నిర్వాహకుడు
జవాబులు వచ్చాక దిద్దడం కుదరదు. కింద సవరణగా రాయండి.

ఉక్కునగరం
సవరణ: 1998లో ఉక్రెయిన్ భద్రతా మండలిలో లేదు. ఆ వాక్యం తప్పు. మిగతావి కావు.

లెక్కల టీచరు
మిగతావి ఆదివారం చూద్దాం. శనివారం దాకా పరీక్ష పేపర్లు దిద్దాలి. కాగితం ఒకటి పంపుతాను, మీకు రష్యన్ ఇంకా గుర్తుంటే చదివి పెట్టండి.